మంచు ముందుగా వచ్చిన ఏడు



అక్టోబరు నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ ఇళ్ళకు బయలుదేరుతున్న వేళ, మా సంఘంలోని ఒక తల్లి ఫోను పట్టుకొని మా దగ్గరకు వచ్చింది. ఆమె కుమార్తె అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరం దగ్గర కాపురముంటోంది. ఆ అమ్మాయి ముందురోజు తన పెరటి వీడియో పంపింది. అందులో ఒక చిక్కుడు పాదు. పందిరి నిండా ఆకు. కొసల్లో అప్పుడప్పుడే తొడుగుతున్న ఊదారంగు మొగ్గలు. వాటన్నిటి మీద దూది పరచినట్టు తెల్లని మంచు. ‘ఈ ఏడు మంచు ముందే పడిపోయిందమ్మా. ఒక్క కాయ కూడా కొయ్యలేదు’ అంటోంది ఆ అమ్మాయి.

పక్కన నిలబడి చూస్తున్న మా మామ్మగారు ఒకరు ఆశ్చర్యపోయారు. ‘అదేటి బాబూ! మంచు పడితేనే గదా సిక్కుడు కాస్తాది?’ అన్నారు.

అందరమూ నవ్వాము. మేమూ నవ్వాము. కాని ఆ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పకుండా నవ్వి ఊరుకున్నందుకు మరుసటి ఏడు సిగ్గుపడవలసి వచ్చింది. ఆ సంగతి మీతో పంచుకోవాలనే ఈ వ్యాసము.

ఒకే మాట, నాలుగు సంగతులు

మన వాడుకలో తెల్లవారి గడ్డిపరక మీద నిలిచే నీటిబొట్టు మంచే. మన రైవాడ జలాశయం మీద, శారదా నది వెంబడి తెల్లగా కమ్ముకొనేదీ మంచే. చింతపల్లి వైపు లంబసింగిలో గడ్డి మీద గట్టిపడేదీ మంచే. దూరదేశాలలో ఆకాశం నుండి రాలేదీ మంచే. మన తెలుగు బైబిలులో మాత్రం గిద్యోను గొఱ్ఱెబొచ్చును తడిపినదానిని మంచు అన్నారు. తెల్లగా కురిసేదానిని ఎక్కువ చోట్ల హిమము అన్నారు. ఆ తేడా పెరటిలో కూడా అవసరమే.

రాత్రి ఆకాశంలో మబ్బు లేక, గాలి కదలక ఉంటే నేల, ఆకులు తమ వేడిని పైకి వదిలివేసి చల్లబడతాయి. గాలిలోని ఆవిరి ఆ చల్లని ఆకును తాకి నీరవుతుంది. ఇది మన మంచుబొట్టు. నేలకు దగ్గరగా ఉన్న గాలే చల్లబడి, అందులోని ఆవిరి సన్నని నీటి తుంపరగా మారి తేలితే అది పొగమంచు. ఆకు చల్లదనం సున్నా డిగ్రీలకు దిగితే ఆ తేమ గడ్డకడుతుంది. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో కొన్ని చలికాలపు వేకువలలో జరిగేది ఇదే. ఆ ఊరికి కొర్రబయలు అని మరో పేరు కూడా ఉంది. ఆరుబయట ఉన్నవాడు కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఇక హిమము మేఘంలోనే గడ్డకట్టి, కరగకుండా నేలకు దిగేది. మన దేవరాపల్లి పెరళ్ళకు అది రాదు.

చిక్కుడు, గోంగూర, బెండ వేడిదేశపు మొక్కలు. వాటి ఆకులోని నీరు గడ్డకడితే లోపలి కణాలు చితికిపోతాయి. ఎండ తగలగానే ఆకు ఉడికినట్టు నల్లబడి వేలాడుతుంది. ఆ అమ్మాయి పాదుకు జరిగినది అదే.

పెరటిలో రెండు గడియారాలు

మరి మన చిక్కుడు చలికాలంలోనే ఎందుకు కాస్తుంది? అది మంచు చేసే పని కాదు. నాటు చిక్కుడు రాత్రి పొడవును బట్టి పూస్తుంది. పగళ్ళు పొడవుగా ఉన్నంతకాలం ఆకు, తీగ పెంచుకొంటుంది. రాత్రులు పెరిగేకొద్దీ మొగ్గ తొడుగుతుంది. క్రిస్మసుకు మనం గుడి అలంకరించుకొనే చేమంతి కూడా ఇటువంటిదే. మన ప్రాంతంలో డిసెంబరు మూడవ వారానికి రాత్రి సుమారు 13 గంటలు ఉంటుంది. అదే రోజులలో మంచు కూడా పడుతుంది గనుక, మంచు వల్లనే కాస్తోందని మన పెద్దలు అనుకున్నారు. రెండూ కలిసి వస్తాయి గాని ఒకదానివలన మరొకటి రాదు.

బఫెలోలో నడివేసవి పగలు 15 గంటలు దాటుతుంది. అందుచేత అక్కడ నాటు చిక్కుడు వేసవంతా ఆకే పెంచుతుంది. సెప్టెంబరు చివర పగలు, రాత్రి సమానమయ్యాక గాని మొగ్గ గురించి ఆలోచించదు. అంతలో చలి వచ్చి పడుతుంది. అక్కడ తెలుగు కుటుంబాలు ఏటేటా పడే బాధ ఇది.

అంటే పెరటిలో రెండు గడియారాలు ఉన్నాయన్నమాట. ఒకటి సూర్యునిది. దానిలో ఒక్క నిమిషం తప్పు రాదు. రెండవది ఆకాశానిది. వాన, మంచు, గాలి దాని ముల్లులు. అది ముందుకూ నడుస్తుంది, వెనుకకూ నడుస్తుంది. జలప్రళయం తరువాత దేవుడు తన హృదయంలో అనుకొన్న మాటలో ఋతువులు ఆగిపోవని ఉంది. అవి ఏ తేదీన వస్తాయో లేదు.

ఆకాశపు గడియారం తొందరపడితే ఎంత నష్టమో బఫెలోవారికి తెలుసు. 2006 అక్టోబరు 12, 13 తేదీలలో అక్కడ సుమారు రెండడుగుల హిమము కురిసింది. జనవరిలో అయితే అది వారికి లెక్కలోనిది కాదు. కాని అప్పటికి చెట్లు ఆకు రాల్చలేదు. ఆకు మీద నిలిచిన బరువుకు వేలాది చెట్లు విరిగాయి. అదే అక్టోబరు 12న, 2014లో హుద్‌హుద్ తుపాను మన విశాఖ తీరాన్ని తాకింది. ఆ గాలికి మన పెరళ్ళలో ఏ చెట్టు ఎలా పడిపోయిందో మీకు చెప్పనక్కరలేదు. ఇటువంటి వేళ తేదీ పట్టుకొని కూర్చున్నవారికి సహాయం దొరకదు. పెరడు చూచుకొన్నవారికి కొంతైనా మిగులుతుంది.

మా తప్పు

ఆ వీడియో చూచిన మరుసటి ఏడు, కార్తీకం సగం కాకముందే మన దగ్గర పొగమంచు దిగింది. తెల్లవారి తొమ్మిదింటికి గాని అనంతగిరి కొండలు కనబడేవి కావు. పగళ్ళు మబ్బుగా ఉండేవి. ఒక సాయంత్రం ఆ మామ్మగారు మా గుమ్మం దగ్గరకు వచ్చారు. ‘అయ్యగారూ, ఈ ఏడు మంచు ముందే దిగిపోనాది. పాదు బాగోలేదు. ఓపాలి వచ్చి సూడండి బాబూ’ అన్నారు.

క్రిస్మసు కార్యక్రమాల పట్టీ రాసుకొంటూ మేము తల కూడా సరిగా ఎత్తలేదు. ‘మంచు పడితే కాస్తుందని మీరే గదా అన్నారు మామ్మా! మంచు ఆశీర్వాదమే’ అని చెప్పి, హోషేయ గ్రంథంలోని మంచు మాట ఒకటి జ్ఞాపకం చేసి పంపివేశాము. మాట మంచిదే. చెప్పిన వేళ మంచిది కాదు.

పది రోజుల తరువాత ఆ దారిన వెళుతూ పందిరి చూచాము. దూరానికి ఆకు పచ్చగానే ఉంది. దగ్గరకు వెళ్ళి ఒక ఆకు తిప్పితే అడుగంతా నల్లని పేనుబంక. పూగెలల నిండా అవే. అవి విసర్జించే తియ్యని జిగురు ఆకుల మీద కారి, దాని మీద మసి పట్టింది. ఆ జిగురు కోసం చీమలు బారులు తీరాయి. పూత నేల మీద రాలి ఉంది. మబ్బు, మంచు, చల్లదనం కలిసినప్పుడు పేనుబంక ఎంత త్వరగా పెరుగుతుందో ఆనాడు కళ్ళారా చూచాము.

ఆ చిక్కుడు చోడవరం పంపి అమ్మగా వచ్చే డబ్బుతోనే మనవరాలి పదవ తరగతి పరీక్ష ఫీజు కట్టాలని ఆమె లెక్క. ఆ ఫీజు మేము కట్టాము. దానితో మా మనసు తేలికపడలేదు. ఆమె మమ్మల్ని డబ్బు అడగలేదు, వచ్చి చూడమని అడిగారు.

తరువాత చేసినవి

మరుసటి ఏడు మా పెరటిలోనూ, ఆమె పెరటిలోనూ కలిసి చేసినవి ఇక్కడ రాస్తున్నాము.

మొదటి పొగమంచు కనబడిన నాటి నుండి వారానికి రెండుసార్లు ఆకు తిప్పి చూడాలి. పేను పట్టిన కొసలను గిల్లి దూరంగా పారవేయాలి. ఎండ వచ్చాక నీళ్ళు గట్టిగా చిమ్మితే చాలావరకు రాలిపోతాయి. ఆకు తడిగా ఉన్నప్పుడు జల్లెడ పట్టిన కట్టెల బూడిద చల్లడం మన పెద్దలు చేసినదే. ఉధృతి ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా చల్లాలి. ఎర్రని అక్షింతల పురుగులు తిరుగుతూ ఉంటే కంగారు వద్దు. అవి పేనుబంకను తినే మన స్నేహితులు.

నీరు పాదు మొదట్లోనే, ఉదయమే పొయ్యాలి. పందిరి మీద ముదురు ఆకు కొంత తీసివేస్తే గాలి ఆడి తడి త్వరగా ఆరుతుంది. కొత్తిమీర, పాలకూర, ముల్లంగి విత్తనాలు ఒకేరోజు చల్లక, పదిహేను రోజుల తేడాతో చల్లుకొంటే ఒక మడి పోయినా ఒకటి దక్కుతుంది.

మామిడి పూతకు రెండు శత్రువులు. ఒకటి తేనెమంచు పురుగు. పేరులో మంచు ఉన్నా అది పురుగే. రెండవది బూడిద తెగులు. పూగెల బయటికి వచ్చి పువ్వు విచ్చకముందే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి చల్లితే బూడిద తెగులు అదుపులో ఉంటుంది. నిండుపూత మీద మందు చల్లవద్దు. తేనెటీగలు చస్తే పిందె ఉండదు. ఏ తెగులో తెలియకపోతే ఆ కొమ్మ కోసుకొని, 1913 నుండి పనిచేస్తున్న అనకాపల్లి వ్యవసాయ పరిశోధన స్థానానికి వెళ్ళి చూపించండి.

బఫెలోలోని అమ్మాయికి కూడా ఉత్తరం రాశాము. పగటి పొడవుతో పని లేకుండా కాసే పొట్టి చిక్కుడు రకాలు ఉన్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క జయ్, అర్క విజయ్ అటువంటివి. ఆ విధమైన రకం అక్కడ దొరికితే వేయమని, ఇంట్లో కుండీలో మొలిపించి చలి తగ్గాక బయట నాటమని, చలి హెచ్చరిక వచ్చిన రాత్రి పాత దుప్పటి కప్పమని చెప్పాము.

చివరగా, గోడ మీది క్యాలెండరులోనే మొదటి మంచు పడిన రోజు, మొదటి పువ్వు పూసిన రోజు రాసిపెట్టండి. నాలుగేళ్ళు రాస్తే మీ పెరడు మీకే పాఠం చెబుతుంది.

ఆ ఏడు కూడా మంచు తొందరగానే వచ్చింది. అయినా కోత పండుగనాడు ఆ మామ్మగారు చేటెడు చిక్కుళ్ళు తెచ్చి బల్ల ముందు పెట్టారు. మా వైపు చూచి, ‘సూసేరా బాబూ, మంచు పడితే కాసినాది’ అన్నారు. ఈసారి ఆమెతో కలిసి నవ్వాము.

ప్రియులారా, మంచు ఎప్పుడు దిగుతుందో మన చేతిలో లేదు. ఆకు తిప్పి చూడడం మన చేతిలో ఉంది. మీ పొరుగువారు ఎవరైనా ‘ఓపాలి వచ్చి సూడండి’ అంటే, మంచి మాట చెప్పడానికి తరువాత సమయం ఉంటుంది. ముందు లేచి వెళ్ళి చూడండి.