బ్రేకు పైపుకూ వయసుంటుంది

డిస్క్ బ్రేకున్న మోటార్‌సైకిల్‌లో చేతి బలాన్ని చక్రం దాకా చేరవేసేది వేలెడు మందమైనా లేని పైపు. లీవర్ నొక్కగానే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ బ్రేకు ఆయిల్‌ను నెడుతుంది. పాస్కల్ సూత్రం ప్రకారం ఆ పీడనం తగ్గకుండా కాలిపర్‌కు చేరి, ప్యాడ్లను డిస్క్‌కు అదుముతుంది. మామూలు పైపులో లోపల సింథటిక్ రబ్బరు, దాని చుట్టూ దారాల అల్లిక, పైన మళ్లీ రబ్బరు తొడుగు ఉంటాయి. పీడనాన్ని కాచుకునేది ఆ అల్లికే. అది సడలితే పైపు ఉబ్బుతుంది, నొక్కిన నొక్కులో కొంత ఆ ఉబ్బుకే సరిపోతుంది.

హైదరాబాద్ పాతబస్తీలో యాకుత్‌పురా లాంటి ఇరుకు వాడల్లో ఎన్నో బండ్లు ఎండావానల్లో ఇంటి ముందే ఉంటాయి. మేలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అతినీలలోహిత కిరణాలకూ గాలిలోని ఓజోన్‌కూ పై రబ్బరు పెళుసెక్కి పగుళ్లు వస్తాయి. గల్లీ మలుపుల్లో హ్యాండిల్ తిరిగిన ప్రతిసారీ, గుంతలో ఫోర్కు దిగిన ప్రతిసారీ పైపు ఒకే చోట వంగుతుంది. అందుకే పైపు ఎంత దూరం తిరిగిందన్నదే కాదు, ఎన్నేళ్లదన్నదీ లెక్కే. యమహా, సుజుకీ తమ అనేక మోడళ్లకు నాలుగేళ్లకోసారి పైపు, రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమంటాయి. ఆయిల్‌కు గడువు తక్కువ కావడానికి కారణం తేమ. డాట్ 4 ఆయిల్ కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కు పడిపోవచ్చు.

ఊళ్లో ఆయిల్‌లోని ఈ లోపం బయటపడకపోవచ్చు. చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్ మీదుగా శ్రీశైలం బయల్దేరిన బండికి దోమలపెంట దాటాక కృష్ణ వంతెన దాకా మలుపుల దిగుడు ఎదురవుతుంది. ఇద్దరు మనుషులు, సామానుతో కలిపి 350 కిలోలున్న బండి 100 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 3.4 లక్షల జౌళ్ల శక్తి విడుదలవుతుంది. లీటరు చన్నీళ్లను మరిగే దాకా వేడిచేయడానికి దాదాపు అంత శక్తే కావాలి. ఇంజనూ గాలీ ఆపినంత పోగా, మిగిలిందంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నలుగుతుందే తప్ప పీడనాన్ని ముందుకు నెట్టదు, కాబట్టి లీవర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. గేరు తగ్గించి దిగడం అందుకే అంత ముఖ్యం.

పరీక్షకు మంచి వెలుతురు, కాస్త ఓపిక చాలు. పైపును చేత్తో వంచి సన్నటి పగుళ్లు చూడాలి. ఒకరు లీవర్ గట్టిగా పట్టి ఉంచితే, మరొకరు పైపు పొడవునా వేళ్లతో తడిమి ఉబ్బు కోసం వెతకాలి. పైపు చివరను బిగించే బ్యాంజో బోల్టు దగ్గర తడి ఉండకూడదు.

కంటికి కనిపించని లోపం మరింత ప్రమాదకరం. లోపలి పొర వాచి దారి మూసుకుపోతే, నొక్కినప్పుడు వెళ్లిన ఆయిల్ వదిలినప్పుడు వెనక్కి రాదు, చక్రం పట్టేస్తుంది. కాలిపర్ మీద గాలి తీసే నిప్పల్ కొద్దిగా తెరవగానే చక్రం వదులైతే పీడనం చిక్కుకుందని అర్థం. మళ్లీ పట్టేశాక ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గరి బోల్టు వదులు చేసి చూడాలి. అప్పుడు చక్రం వదిలితే తప్పు మాస్టర్ సిలిండర్‌ది. వదలకపోతే పైపునే అనుమానించాలి.

పైపు మార్చేటప్పుడు ముందు ట్యాంకుకు గుడ్డ కప్పాలి, ఎందుకంటే బ్రేకు ఆయిల్ పెయింటును తినేస్తుంది. కొత్త పైపు పాతదాని దారిలోనే వెళ్లాలి. దూర ప్రయాణాల కోసం హ్యాండిల్ ఎత్తు పెంచిన బండికి కంపెనీ పైపు పొట్టిదైపోవచ్చు. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పినా పైపు బిగుసుకోకూడదు. బ్యాంజోకు రెండు పక్కలా కొత్త కాపర్ వాషర్లు వేసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కే బిగించాలి. బ్రేకు ఆయిల్ డబ్బా మూత మీద రాసి ఉన్న రకం ఆయిలే పోయాలి. ఇంజన్ ఆయిల్ ఒక్క చుక్క కలిసినా లోపలి రబ్బరు దెబ్బతింటుంది.

తర్వాత ఎయిర్ తీయాలి. లీవర్ నొక్కి పట్టి నిప్పల్ తెరవాలి, లీవర్ వదిలే ముందే దాన్ని మూసేయాలి. బుడగలు ఆగేదాకా ఇలాగే చేస్తూ, డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా చూసుకోవాలి. 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. దాని మాడ్యులేటర్‌లోకి గాలి వెళితే కొన్ని మోడళ్లకు సర్వీస్ సెంటర్‌లోని స్కానర్ అవసరమవుతుంది. చివరగా లీవర్‌ను నిమిషంపాటు గట్టిగా పట్టి జాయింట్లు పొడిగా ఉన్నాయో లేదో చూసి, రద్దీలేని చోట నెమ్మదిగా నడిపి, వెనక్కి వచ్చాక మరోసారి తడిమి చూడాలి.