భిలాయిలో నౌకరీ వేరు, కామ్ వేరు

సోవియట్ సహకారంతో నిర్మితమై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు రాజుకున్న భిలాయి ఊరినిండా నానా భాషలవారే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల తెలుగువారు విజయనగరం - రాయపూర్ రైలుమార్గాన అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. వారి యిళ్లలో ఉత్తరాంధ్ర యాస, బయట హిందీ. ఇందులో వింతేమీ లేదు. వలస వెళ్లిన ప్రతిచోటా జరిగేదే.

వింత వేరొక చోట ఉన్నది. భిలాయిలో జీవనోపాధికి రెండు మాటలున్నాయి: నౌకరీ, కామ్. ఆ పట్టణాన్ని దీర్ఘకాలం పరిశీలించి 2020లో బృహద్గ్రంథం వెలువరించిన మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ ఈ రెండు మాటల మధ్యనే అక్కడి వర్గ విభజనను చూశాడు. నౌకరీ అంటే ప్లాంటులో పర్మనెంటు కొలువు. దానివెంట సెక్టారులో క్వార్టరు, ఆసుపత్రి, పిల్లలకు బడి. కామ్ అంటే కంట్రాక్టరు కింద రోజు కూలి. ఒకే కొలిమి దగ్గర పక్కపక్కన చెమటోడ్చే యిద్దరిని ఈ రెండు మాటలు వేరుచేస్తాయి. (తెలంగాణలో నౌకరీ అంటే గౌరవమే, కోస్తాలో మాత్రం నౌకరు పనివాడుగా మిగిలిపోయాడు!)

నౌకరీలలో బయటివారు ముందుండగా, పొలాలు పోగొట్టుకున్న ఛత్తీస్‌గఢీ రైతు బిడ్డలనేకులకు కామ్ దక్కింది. శంకర్ గుహ నియోగి ఈ తేడాను గుర్తించిన నాయకుడు. తాను బెంగాలీ అయినా, 1977లో దల్లీ రాజహరా ఇనుప గనుల కంట్రాక్టు కార్మికులను సంఘటితపరచి, ఛత్తీస్‌గఢీ అస్తిత్వాన్ని కార్మికోద్యమంతో జోడించాడు. భిలాయి ప్రైవేటు కర్మాగారాల కంట్రాక్టు కార్మికులకై పోరాడుతుండగా 1991 సెప్టెంబరు 28న ఆ పట్టణంలోనే నిద్రలో ఉండగా కాల్చి చంపారు. మరుసటి యేడు జులై 1న రైలు పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు, పలువురు మరణించారు.

2000లో ప్రత్యేక రాష్ట్రం వచ్చింది. 2007లో ఛత్తీస్‌గఢీకి రాజభాష హోదా కూడా వచ్చింది. అయితే ఢిల్లీ లెక్కలు వేరు. 2011 జనగణనలో ఛత్తీస్‌గఢీ తమ మాతృభాష అని చెప్పినవారు 1 కోటి 62 లక్షల పైచిలుకు. వారందరినీ హిందీ పద్దులో కలిపివేశారు. ఎనిమిదవ షెడ్యూలులో చోటు కోసం పార్లమెంటులో విజ్ఞప్తులు వినవస్తూనే ఉన్నాయి. భిలాయి తెలుగు కార్మికుని భాషకు ఆ షెడ్యూలులో మొదటినుంచీ చోటున్నది. ఏ భూమిపై ఆ ఫర్నేసు లేచిందో ఆ భూమి భాషకు లేదు.