సి-క్లాంపుతో బ్రేకు ప్యాడ్ల మార్పిడి: అపోహలు – వాస్తవాలు

కారు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లను ఇంటి దగ్గరే మార్చుకోదలచినవారికి జాకీ, స్టాండ్లు, పానాలు కాక అదనంగా కావలసిన ముఖ్యమైన పనిముట్టు సి-క్లాంపు. అతికించిన చెక్కలు ఆరేదాకా కదలకుండా బిగించి ఉంచడానికి వడ్రంగులు వాడే ఈ పనిముట్టు ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా చవకగా దొరుకుతుంది. దీని విషయంలో పరస్పర విరుద్ధమైన రెండు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. చవక సామానుతో బ్రేకుల జోలికి పోవడం ప్రాణాల మీదికి తెస్తుందని కొందరు భావిస్తే, మర తిప్పడం తెలిస్తే ఏ కారు బ్రేకుకైనా ఇదొక్కటే చాలునని మరికొందరు నమ్ముతారు. ఈ రెండింటిలో నిజమెంతో తేలాలంటే ముందుగా కాలిపర్ లోపల జరిగే పనిని కాస్త నిదానంగా పరిశీలించాలి.

చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కును రెండు వైపుల నుంచి ఒత్తిపట్టే ప్యాడ్లు అమరి ఉండే భాగాన్ని కాలిపర్ అంటారు. చిన్న కార్లలో సాధారణంగా దీనికి లోపలి వైపున మాత్రమే ఒక పిస్టన్ ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను డిస్కుకు నొక్కగానే, కాలిపర్ మొత్తం గైడ్ పిన్నుల మీద పక్కకు జరిగి వెలుపలి ప్యాడ్‌ను కూడా డిస్కు మీదికి లాగుతుంది. పెడల్ వదిలినప్పుడు పిస్టన్‌ను వెనక్కి తెచ్చేది లోపలి స్ప్రింగేనని చాలామంది అనుకుంటారు గానీ, అక్కడ అటువంటి స్ప్రింగు ఉండదు. పిస్టన్ చుట్టూ గాడిలో కూర్చున్న పలకల అంచుల రబ్బరు సీలు, పిస్టన్ ముందుకు కదిలినప్పుడు దానితో పాటే కొద్దిగా వంగి, పీడనం తగ్గగానే తన పూర్వాకృతికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ఆ సీలులో జారుతూ ఎప్పటికప్పుడు మరికాస్త ముందు నిలుస్తుంది. డిస్కు బ్రేకులను విడిగా అడ్జస్టు చేయనక్కరలేకపోవడానికి కారణం ఇదే; మందమైన కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్‌ను మళ్లీ లోపలికి నెట్టవలసి రావడానికీ ఇదే కారణం.

ఆ నెట్టడానికి పెద్ద బలమో, ఖరీదైన పరికరమో కావాలనేది ఒక అపోహ. పెడల్ మీద కాలు లేనప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని సన్నని రంధ్రం ద్వారా బ్రేకు గొట్టాలకూ, బానెట్ కింద ఉండే రిజర్వాయర్ డబ్బాకూ మధ్య దారి తెరిచే ఉంటుంది కనుక, సీలు రాపిడిని దాటగలిగే కొద్దిపాటి ఒత్తిడితోనే పిస్టన్ వెనక్కి వెళుతుంది. అరిగిన పాత ప్యాడ్‌ను పిస్టన్ ముఖానికి అడ్డంగా ఉంచి, క్లాంపు ఒక కొసను దాని మీద, రెండో కొసను కాలిపర్ వెనుక భాగం మీద ఆనించి మెల్లగా తిప్పితే ఒత్తిడి అంతటా సమానంగా పడి పిస్టన్ ఒరగకుండా ఉంటుంది. క్లాంపును తిన్నగా పిస్టన్ అంచు మీద బిగిస్తే, కొన్ని కార్లలో వాడే గట్టి ప్లాస్టిక్ పిస్టన్ పగిలిపోవచ్చు. క్లాంపు ఎంతకీ తిరగడం లేదంటే లోపం పనిముట్టుది కాదు. పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకునైనా ఉండాలి, రబ్బరు గొట్టం లోపల మూసుకుపోయైనా ఉండాలి. కాలిపర్ మీది బ్లీడర్ మరను, అంటే గాలి తీసే మరను, కొంచెం వదులు చేసినప్పుడు పిస్టన్ సులువుగా కదిలితే రెండో కారణాన్ని అనుమానించవచ్చు. ఈ పరీక్షకు దిగినవారు తరువాత ఆ చక్రపు బ్రేకు గొట్టంలోంచి గాలి తీయక తప్పదు. చేతిలోని మర ఇంత సమాచారం ఇస్తున్నప్పుడు దానికి పొడవాటి గొట్టం తొడిగి బలవంతంగా తిప్పడం తెలివితక్కువ పని.

రిజర్వాయర్‌లో మట్టం తగ్గితే బ్రేకు ఆయిల్ పోయడమే పరిష్కారమనే నమ్మకం కూడా ఈ సందర్భంలోనే బెడిసికొడుతుంది. లీకు లేకపోయినా ప్యాడ్ల అరుగుదలతో మట్టం తగ్గుతుంది, ఎందుకంటే ముందుకు జరిగిన పిస్టన్ వెనుక ఏర్పడిన ఖాళీలోకి ద్రవం చేరుతుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసం గల పిస్టన్ 14 మిల్లీమీటర్లు వెనక్కి వెళ్లిందనుకుంటే ఒక్క కాలిపర్ నుంచే సుమారు 27 మిల్లీలీటర్లు, రెండింటి నుంచి దాదాపు 55 మిల్లీలీటర్ల ద్రవం రిజర్వాయర్‌కు తిరిగివస్తుంది. మధ్యలో ఎవరైనా దాన్ని నిండుగా నింపి ఉంటే అది పొంగి కారు రంగు మీద పడుతుంది. బ్రేకు ద్రవాల్లో డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ ఈథర్ ఆధారితాలు కనుక రంగును తినేస్తాయి, పడిన చోటును వెంటనే నీళ్లతో కడగాలి. ద్రవం పోయవలసి వచ్చినా పాత సీసా వాడకూడదు; మూత తీసి నెలల తరబడి ఉంచిన సీసాలోని ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం కనీస మరుగు స్థానం 230 డిగ్రీల సెల్సియస్ అయితే, తేమ చేరిన స్థితికి అది 155 డిగ్రీలే.

ముందు చక్రాలకు సరిపోయిన పద్ధతి వెనుక చక్రాలకూ సరిపోతుందనుకోవడం వీటన్నిటికంటే ఖరీదైన పొరపాటు. చాలా చిన్న కార్లకు వెనుక డ్రమ్ము బ్రేకులే ఉంటాయి కనుక అక్కడ సి-క్లాంపుతో పనే లేదు. వెనుక కూడా డిస్కులున్న అనేక కార్లలో హ్యాండ్ బ్రేకు యంత్రాంగం కాలిపర్ లోపలే ఒక మర రూపంలో ఉంటుంది. అటువంటి పిస్టన్‌ను నొక్కుతూ తిప్పవలసిందే తప్ప తిన్నగా నెట్టరాదు, నెడితే లోపలి యంత్రాంగం దెబ్బతింటుంది. దానికి ప్రత్యేక సాధనం వేరే ఉంది. మీటతో పనిచేసే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు గల కార్లలోనైతే ముందుగా కంపెనీ సూచించిన విధంగా దాన్ని సర్వీసు మోడ్‌లోకి మార్చాలి.

గైడ్ పిన్నులకు ఏ గ్రీజైనా ఒకటేననే మాటా నిలవదు. పెట్రోలియం గ్రీజు తగిలితే బ్రేకుల రబ్బరు ఉబ్బిపోతుంది కాబట్టి బ్రేకులకు తగిన సిలికాన్ గ్రీజునే వాడాలి. విప్పిన కాలిపర్‌ను రబ్బరు గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టాలి. కారు జాకీ మీదే కాక స్టాండ్ల మీద కూడా ఆని ఉండాలి.

కొత్త ప్యాడ్లు కూర్చి చక్రం బిగించగానే పని పూర్తయిందనుకోవడం అత్యంత ప్రమాదకరమైన భ్రమ. క్లాంపు వెనక్కి నెట్టిన పిస్టన్‌కూ ప్యాడ్‌కూ నడుమ ఇంకా ఖాళీ ఉంటుంది కనుక మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ నేల దాకా పోవచ్చు, అప్పుడు బ్రేకు పడదు. కారును అంగుళమైనా కదిలించక ముందే పెడల్‌ను, అది గట్టిపడేదాకా, మెల్లగా పలుమార్లు తొక్కి, తరువాత రిజర్వాయర్ మట్టం చూడాలి. అప్పటికీ పెడల్ మెత్తగానే ఉంటే గొట్టాల్లోకి గాలి చేరి ఉండవచ్చు; గాలి తీసి కారణం తేల్చేదాకా ఆ కారును రోడ్డెక్కించరాదు.