ఊరంతటికీ ఒక్కసారే కబురు

2023 జులై 27 తెల్లవారేసరికి మోరంచపల్లి జనం డాబాలెక్కి ఉన్నారు. భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పక్కనున్న ఊరది. రాత్రికి రాత్రే వాగు ఇళ్లలోకి వచ్చింది. హెలికాప్టర్లను కూడా రప్పించాల్సి వచ్చింది. అదే వానలో పక్కనున్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణలో ఒక్కరోజు వానకు అదే రికార్డు అని లెక్క తేల్చారు. ఆ లెక్క రాసింది ఒక యంత్రం. వాన ఎంత పడిందో మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలిచి దూరాన ఉన్న కంప్యూటరుకు చెప్పగలిగే కాలంలో ఉన్నాం. మరి అదే వేగంతో వాగు ఒడ్డున నిద్రపోతున్నవాళ్లకు, వాళ్లను కాపాడాల్సిన సిబ్బందికి ఏకకాలంలో కబురు అందాలంటే ఏం కావాలి? గాలిలో ఒక సన్నటి దారి కావాలి. దాన్నే స్పెక్ట్రమ్ అంటున్నాం. దాని చుట్టూ ఉన్న విశేషాలివి.

డప్పుకూ ఫోనుకూ తేడా

ఊళ్లో డప్పు చాటింపు వేసేవాడు నడివీధిలో ఒక్కసారి చెబితే నూరిళ్లూ వింటాయి. ఫోను అలా పనిచేయదు. నూరు మందికి చెప్పాలంటే నూరు కాల్స్, అంటే టవరు మీద నూరు దారులు కావాలి. వరద వచ్చిన రాత్రి ఊరంతా ఒకేసారి ఫోన్లు తీస్తుంది, టవరు ఉక్కిరిబిక్కిరవుతుంది. కరెంటు పోయి, టవరు దగ్గరి బ్యాటరీ కూడా అయిపోతే ఆ కాస్త దారీ మూసుకుపోతుంది. పేజర్, అంటే నడుముకు తగిలించుకునే చిన్న కబురు పెట్టె, డప్పు జాతిది. ఒక్క ప్రసారం, ఒక్క ఫ్రీక్వెన్సీ; వినేవాళ్లు పదిమందైనా పదివేల మందైనా గాలి మీద భారం ఒకటే.

పేజర్ కునుకు తీస్తుంది

పేజర్ సంకేతాల్లో ఎక్కువగా వాడిన పద్ధతి పేరు పోక్‌శాగ్. బ్రిటన్ తపాలా శాఖ ఏర్పాటు చేసిన కమిటీ పేరులోని పొడి అక్షరాలతో ఆ పేరు వచ్చింది. ఇందులో ప్రతి పేజర్‌కూ ఒక నంబరుంటుంది; సుమారు 20 లక్షల నంబర్లకు చోటుంది. ప్రసారాన్ని ఎనిమిది గదులుగా విడగొడతారు. ఏ పేజర్‌కు ఏ గదిలో పిలుపు రావాలో దాని నంబరే చెబుతుంది. కాబట్టి పేజర్ తన గది వచ్చినప్పుడు మాత్రమే మేలుకుని వింటుంది, మిగతా కాలమంతా నిద్రపోతుంది. చిన్న బ్యాటరీ వారాల తరబడి నిలవడంలోని రహస్యం ఇదే. కరెంటు లేని మూడు రోజుల వరదలో ఈ గుణం విలువ ఎంతో ఆలోచించండి.

సెకనుకు 1200 బిట్ల వేగంతో 80 అక్షరాల ఇంగ్లిషు కబురు పోవడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. అదే దారిలో మన ఫోన్‌లో తీసిన 3 మెగాబైట్ల ఫొటో పంపాలంటే ఐదున్నర గంటలు పడుతుంది. ప్రాణం కాపాడే కబురు ఎంత చిన్నదో, దానికి ఎంత ఇరుకు దారి సరిపోతుందో ఈ లెక్కతో తెలుస్తుంది.

తొలి పేజర్ వైద్యుల కోసమే

1949లో అల్ గ్రాస్ అనే ఇంజనీరు పేజర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని మొదట వాడింది న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రి. మన దేశంలో పేజర్ సేవలు, సెల్‌ఫోన్ రెండూ 1995లోనే అడుగుపెట్టాయి. ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యే నాటికి పేజర్ జనం నడుముల మీద కనబడకుండా పోయింది. కానీ ప్రాణాలతో పనిపడే చోట్ల ప్రపంచం దాన్ని వదల్లేదు. 2017లో లెక్కేస్తే బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే 1,30,000 పేజర్లున్నాయి. అక్కడి సముద్ర తీరంలో మునిగేవాళ్లను కాపాడే లైఫ్‌బోటు స్వచ్ఛంద సిబ్బంది ఇప్పటికీ పేజర్ మోగితేనే ఇంట్లోంచి పరుగెత్తుతారు.

దేశమంతటికీ ఒక్క ఫ్రీక్వెన్సీ

నెదర్లాండ్స్‌లో అగ్నిమాపక దళం, అంబులెన్సు, పోలీసు, లైఫ్‌బోటు, అందరికీ పిలుపు వెళ్లేది పీ2000 అనే ఒకే ఒక్క వ్యవస్థ ద్వారా. ఫ్రీక్వెన్సీ 169.65 మెగాహెర్ట్జ్. దేశమంతటికీ అదొక్కటే.

జపాన్ కథ ఇంకా బాగుంది. టోక్యోలో చివరి పేజర్ కంపెనీ 2019 సెప్టెంబర్ 30న ఆ సేవ ఆపేసింది. ఖాళీ అయిన 280 మెగాహెర్ట్జ్ దారిని మాత్రం వృథా పోనివ్వలేదు. ఊళ్లలో విపత్తు హెచ్చరికలు వినిపించే రేడియోలకు వాడుకున్నారు. ఆ తరంగం కాంక్రీటు గోడలు దాటి ఇళ్లలోకి బాగా చొచ్చుకుపోతుంది. పాతదని పక్కన పెట్టినది పనికొచ్చింది. మన దగ్గరా ఒకప్పుడు పేజర్లకు కేటాయించిన దారులున్నాయి. వాటిని ఈ కన్నుతో ఒకసారి చూడాలని నా కోరిక.

గుట్ట ఎందుకు కావాలి?

కాకతీయుల కోటలో ఏకశిల గుట్ట ఎక్కితే చుట్టూ ఎంత దూరం కనబడుతుందో ఓరుగల్లు వాళ్లకు చెప్పనక్కర్లేదు. పోలీసులు, అటవీ సిబ్బంది వాడే వాకీటాకీ తరంగాలు కూడా దాదాపు చూపు వెళ్లినంత దూరమే వెళ్తాయి. భూమి వంపు దగ్గర ఆగిపోతాయి. ఆ దూరాన్ని ఇలా లెక్కేయొచ్చు: స్తంభం ఎత్తు 36 మీటర్లనుకోండి. దాని వర్గమూలం 6. దాన్ని 4.12తో గుణిస్తే 25 కిలోమీటర్లకు కాస్త తక్కువ. చేతిలో సెట్ పట్టుకున్న మనిషి ఎత్తుకు ఇంకో 5 కిలోమీటర్లు కలపండి. మొత్తం 30. హనుమకొండ నుంచి మేడారం రోడ్డు మీద సుమారు వంద కిలోమీటర్లు, పైగా తాడ్వాయి అడవి, గుట్టలు. అందుకే మధ్యమధ్య ఎత్తుల మీద రిపీటర్లు కావాలి. రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో విని, ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా మళ్లీ చెబుతుంది. అంటే ఒక్క మాటకు రెండు దారులు ఖర్చు. ఫ్రీక్వెన్సీల కొరత ఇక్కడి నుంచే మొదలవుతుంది.

స్తంభం ఎక్కడ పడితే అక్కడ పాతడానికీ లేదు. దాని చోటు, ఎత్తు విమానాలకు అడ్డమవుతుందా, పక్కవాళ్ల ప్రసారానికి అంతరాయమా అని కేంద్రంలోని సాక్‌ఫా అనే కమిటీ చూస్తుంది. నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయాన్ని మళ్లీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఇకపై వరంగల్ చుట్టుపక్కల ఎత్తయిన స్తంభం వేసే వాళ్లు మామునూరును లెక్కలో పెట్టుకోక తప్పదు.

చేను ఒకటే, గట్లు ఎక్కువ

స్పెక్ట్రమ్ పెరగదు. కొత్తగా పుట్టదు. అన్నదమ్ములు చేను పంచుకుని గట్లు వేసుకున్నట్టు పంచుకోవాల్సిందే. ఒకప్పుడు ఒక వాకీటాకీ చానల్‌కు 25 కిలోహెర్ట్జ్ వెడల్పు ఇచ్చేవారు. అమెరికా 2013 జనవరి 1 నాటికి పోలీసు, ఫైర్ సెట్లన్నీ 12.5కు కుదించుకోవాలని గడువు పెట్టింది. డిజిటల్ సెట్లు వచ్చాక ఆ 12.5లోనే కాలాన్ని రెండు ముక్కలు చేసి ఇద్దరు మాట్లాడుకునే వీలు కలిగింది. మరో పద్ధతి టెట్రా. అందులో 25 కిలోహెర్ట్జ్‌లో నలుగురికి చోటు.

మన దగ్గర ఎవరిని అడగాలి?

మన దేశంలో రేడియో తరంగాల పెద్ద పటేలు 1952లో పుట్టిన డబ్ల్యూపీసీ అనే విభాగం. పోలీసు వైర్‌లెస్‌ను సమన్వయం చేసే కేంద్ర సంస్థ అంతకంటే పాతది. దాని మూలాలు 1946లో ఉన్నాయి. 2018 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక మంచి సిఫారసు చేసింది. పోలీసు, ఫైర్, అంబులెన్సు, విపత్తు దళాలన్నిటికీ కలిపి దేశవ్యాప్తంగా ఒక ప్రత్యేక బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ ఉండాలని, దానికి 814–824, 859–869 మెగాహెర్ట్జ్ మధ్య స్పెక్ట్రమ్ డబ్బు తీసుకోకుండా ఇవ్వాలని చెప్పింది. అమెరికా ఇలాంటి పనికి 2012లోనే చట్టం చేసి 20 మెగాహెర్ట్జ్ పక్కన పెట్టింది.

పట్టుబడితే మన దగ్గరా పని జరుగుతుందనడానికి రైల్వేయే సాక్ష్యం. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం రైళ్ల భద్రత కోసం 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్జ్ కేటాయించింది. టెలికాం కంపెనీలు ఎంతో విలువ కట్టే బ్యాండ్ అది. కాజీపేట జంక్షన్ మీదుగా పోయే ప్రతి ప్రయాణికుడికీ సంబంధించిన నిర్ణయమిది. రైలుకు దొరికినప్పుడు అంబులెన్సుకూ దొరకాలి.

2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఇంకో దారి తెరిచింది. స్పెక్ట్రమ్‌ను వేలం వేయాలన్నది నియమం. కానీ వేలం లేకుండా ఇవ్వదగిన అవసరాల జాబితాలో విపత్తు నిర్వహణ, ప్రాణ రక్షణ కూడా ఉన్నాయి.

"హెచ్చరిక"కు ఎనిమిది

2023లో చాలామంది ఫోన్లు ఒక్కసారిగా వింతగా మోగి, తెర మీద హెచ్చరిక కనబడింది గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష. డప్పు పద్ధతిని సెల్ టవరులోకి తెచ్చిన తీరది: టవరు కింద ఎన్ని ఫోన్లున్నా ప్రసారం ఒక్కటే. ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ దాన్ని మన దేశంలోనే తయారుచేసింది. టవరు బతికి ఉన్నంతవరకే అది పనిచేస్తుందన్నది మరవకూడదు.

తెలుగులో హెచ్చరిక పంపాలంటే మరో చిక్కుంది. మామూలు ఎస్ఎమ్ఎస్‌లో ఇంగ్లిషు అక్షరాలు 160 పడితే తెలుగు సంకేతాలు 70 మాత్రమే. "హెచ్చరిక" చూడటానికి నాలుగక్షరాలే. గుణింతం, వత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి యంత్రానికి అవి ఎనిమిది. "స్త్రీ" ఒక్కటే ఆరు. పాత పేజర్లలో పోయే ఏడు బిట్ల అక్షరాల పట్టికలో తెలుగుకు చోటే లేదు. లక్ష్మీదేవిపేటలోని ముసలవ్వకు అర్థం కావాల్సిన హెచ్చరికను ఇంగ్లిషులో పంపితే పంపనట్టే. రేపు ఎవరైనా మన జిల్లాలకు పేజింగ్ వ్యవస్థ తయారుచేస్తే మొదటి రోజు నుంచే అందులో తెలుగు ఉండాలి.

జాతరలో గాలి కూడా కిక్కిరిసిపోతుంది

రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మేడారం సమ్మక్క–సారలమ్మ జాతరకు కోటి మందికి పైగా వస్తారు. మామూలు రోజుల్లో అదొక చిన్న అడవి పల్లె. జాతర నాలుగు రోజులకు తాత్కాలిక టవర్లు మోసుకొచ్చి పెడతారు. జంపన్నవాగు దగ్గర తప్పిపోయిన పిల్లవాడి కోసం ఎన్ని ఫోన్లు కలవకపోయినా, పోలీసు చేతిలోని మ్యాన్‌ప్యాక్ (వాకీటాకీ), మైకులో అనౌన్స్‌మెంటు పనిచేస్తాయి. రెండూ ఒకరు చెబితే అందరూ వినేవే. బెంగాల్‌లో గంగాసాగర్ మేళాకు హ్యామ్ రేడియో వాళ్లు స్వచ్ఛందంగా వచ్చి, తప్పిపోయినవాళ్లను ఇంటివాళ్లతో కలుపుతుంటారు. మేడారానికీ అలాంటి బృందం ఉంటే ఎంత బాగుంటుంది!

హైదరాబాదు హ్యాములు

హ్యామ్ అంటే సొంత సరదాతో, లైసెన్సుతో రేడియో నడిపేవాళ్లు. వీళ్ల కోసం జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983లో హైదరాబాదులో మొదలైంది. 2004 డిసెంబర్‌లో ఈ సంస్థతో కలిసి భారతి ప్రసాద్ అనే హ్యామ్, ఆమె బృందం అండమాన్‌లో ప్రసారాలు చేస్తున్నారు. 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. ఆ బృందం సెట్లు బయటికి తెచ్చి ప్రధాన భూభాగానికి కబుర్లు చేరవేసింది. సరదాకు పట్టుకెళ్లిన సెట్టు ఆ రోజు ద్వీపాలకు గొంతయింది. ఆ మరుసటి ఏడాది మే 5న శ్రీహరికోట నుంచి హ్యాముల కోసమే హ్యామ్‌శాట్ అనే ఉపగ్రహం ఎగిరింది.

ఆన్‌లైన్‌లో కొనే సెట్లు

446.0–446.2 మెగాహెర్ట్జ్ మధ్య, తక్కువ శక్తితో పనిచేసే వాకీటాకీలకు లైసెన్సు అక్కర్లేదని 2018లో కేంద్రం చెప్పింది. ఇలాంటి మినహాయింపు లేని ఫ్రీక్వెన్సీల్లో ప్రసారం చేసే సెట్లను, ఆన్‌లైన్‌లో దొరికినవైనా, లైసెన్సు లేకుండా వాడితే నేరం. అడ్డదిడ్డమైన సెట్టుతో పెళ్లి ఊరేగింపులో అరిచే కేకలు అదే ఫ్రీక్వెన్సీలో అంబులెన్సు కోసం పిలుస్తున్న గొంతును మింగేయవచ్చు. 865 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా లైసెన్సు అక్కర్లేని చిన్న బ్యాండ్ ఉంది. వాగు మట్టం కొలిచే చిన్న పరికరాలకు అది చక్కగా సరిపోతుంది.

ఇక అడగాల్సింది

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉంటుంది. దానికి కలెక్టరే అధ్యక్షులు. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి కలెక్టర్లు కలిసి ఒక్క పేజింగ్ ఫ్రీక్వెన్సీ కోసం డబ్ల్యూపీసీకి దరఖాస్తు పెట్టాలి. 12.5 కిలోహెర్ట్జ్ చాలు. గుట్టల మీద నాలుగు ప్రసారిణులు, ప్రతి వాగు ఒడ్డు పంచాయతీలో ఒక రిసీవరు, దానికొక సైరను. మీ ఊరి గ్రామసభలో ఈ మాట ఎత్తండి. ఇంట్లో 12 ఏళ్లు నిండిన పిల్లలుంటే హ్యామ్ లైసెన్సు పరీక్ష రాయించండి. ఆ వయసుకే రాయనిస్తారు. ఈ వానాకాలానికి మాత్రం బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఒకటి కొని, ఆకాశవాణి వరంగల్ 103.5 దగ్గర ముల్లు పెట్టి, తలగడ పక్కన ఉంచుకోండి.