నీళ్లు తాగే లెన్సు

1961 క్రిస్మస్ నాడు ప్రాగ్ నగరంలో ఓటో విఖ్టెర్లే అనే రసాయన శాస్త్రవేత్త, పిల్లలు ఆడుకునే మెర్కూర్ ఇనప ముక్కల సెట్టు తీసి వంటింటి బల్ల మీద ఒక యంత్రం కట్టాడు. దాన్ని తిప్పడానికి సైకిల్ డైనమో. గిరగిర తిరిగే చిన్న అచ్చులో ద్రవం పోస్తే అంచులకు పాకి, పల్చగా గట్టిపడింది. అలా ఆ రోజు నాలుగు మెత్తని లెన్సులు తయారయ్యాయి. అధికారికంగా ఆ పరిశోధన అప్పటికే ఆగిపోయింది. పదేళ్లు తిరక్కుండానే, 1971లో అమెరికా ప్రభుత్వం వాటి అమ్మకానికి అనుమతిచ్చింది.

అంతకుముందు లెన్సులు లేవని కాదు. 1880లలోనే అడాల్ఫ్ ఫిక్ గాజుతో చేశాడు. కానీ బరువుగా ఉండి, కొద్ది గంటలకు మించి పెట్టుకోలేకపోయేవారు. నల్లగుడ్డు మీది పారదర్శకపు పొర కార్నియాలో రక్తనాళాలు ఉండవు, దానికి ప్రాణవాయువు ప్రధానంగా బయటి గాలి నుంచే అందాలి. గాజు దాన్ని అడ్డుకుంటుంది. విఖ్టెర్లే వాడిన పదార్థం ఎండితే పెళుసు, నానితే మెత్తన. నానినప్పుడు దాని బరువులో సుమారు 38 శాతం నీళ్లే. ఆ నీళ్లలోంచే ప్రాణవాయువు కంటికి చేరుతుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. నీళ్లు పీల్చుకునే లెన్సుకు ఏ నీళ్లు తగిలిస్తున్నామన్నదే అసలు ప్రశ్న. 1980లలో అమెరికాలో కొందరు ఉప్పు బిళ్లలతో ఇంట్లోనే ద్రావణం కలుపుకుని లెన్సులకు వాడారు. అకాంతమీబా అనే సూక్ష్మజీవి వారి కార్నియాలో పుండ్లు పెట్టింది. నీటిలో, మట్టిలో ఉండే ఈ జీవి గట్టి గుల్ల కట్టుకుంటే, తాగునీటిలో కలిపే క్లోరిన్‌కు చావదు.

నల్లగొండ వాళ్లకు నీళ్ల సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే, నీరీ అనే పరిశోధన సంస్థ వారి పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. ఆ శుద్ధి తాగడానికే. కంటిలో పెట్టే లెన్సుకు సరిపోదు. నల్లా నీళ్లైనా, బోరు నీళ్లైనా, మినరల్ వాటర్ డబ్బా నీళ్లైనా అంతే.

రాత్రి లెన్సు తీసేముందు సబ్బుతో చేతులు కడిగి, పొడి శుభ్రమైన బట్టతో తుడుచుకోవాలి. కారం ముట్టిన వేలైతే మరీ జాగ్రత్త. లెన్సును అరచేతిలో పెట్టి, లెన్సుల కోసం అమ్మే సొల్యూషన్ పోసి, రెండువైపులా వేలితో మెల్లగా రుద్దాలి. లెన్సు డబ్బాలో నిన్నటి సొల్యూషన్ మీద కొత్తది కలపొద్దు, మొత్తం పారబోయండి. సొల్యూషన్‌తోనే కడిగిన డబ్బాను బోర్లించి ఆరనివ్వండి, మూడు నెలలకోసారి మార్చండి. నాగార్జునసాగర్‌లో, సోమశిలలో కృష్ణ స్నానానికి దిగేముందు లెన్సులు తీసెయ్యండి.

ఈ అకాంతమీబా పుండు లెన్సులు పెట్టుకునేవాళ్లకే వస్తుందనుకోవద్దు. మన దేశంలో దీని బారిన పడేవారిలో ఎక్కువమంది అసలు లెన్సులు వాడనివాళ్లేనని హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యుల పరిశోధనలు చెబుతున్నాయి. కంట్లో దుమ్ము పడడం, దెబ్బ తగలడం, మురికి నీళ్లు పడడం దానికి కారణాలు. పాలమూరు పొలాల్లో వడ్ల పొట్టు కంట్లో పడితే, పక్కనున్న కాలువ నీళ్లతో కడగడమే మనకు అలవాటు.

కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోతే, పైకి కనిపించే దానికి మించి నొప్పి ఉంటే, వెంటనే లెన్సు తీసేయండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవద్దు, అవి పుండును ముదరబెట్టగలవు. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. లెన్సునూ డబ్బానూ పారేయకుండా వెంట తీసుకెళ్లండి, పరీక్షకు పనికొస్తాయి.