ఉల్లివేరు కొనలో కండె

ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదివినవారికి ఉల్లివేరు ప్రయోగం గుర్తుండే ఉంటుంది. నీళ్ల గ్లాసు మూతి మీద ఉల్లిగడ్డను నిలబెడితే కొద్ది రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. వాటి కొనలు కోసి, ఆమ్లంలో మెత్తబరచి, అసిటోకార్మిన్ రంగు పట్టించి, గాజుపలకల మధ్య నలిపి సూక్ష్మదర్శిని కింద పెడతారు. తొలిసారి చూసేవారికి మిగిలేది నిరాశే. ఎక్కువ కణాల్లో గుండ్రటి కేంద్రకం తప్ప మరేమీ కనిపించదు. కానీ డీఎన్‌ఏ మొత్తానికి నకలు తయారయ్యేది, అంతర్దశ అనే ఈ నిశ్శబ్ద కాలంలోనే. ప్రయోగశాలలో పెంచే మానవ కణం ఒకసారి రెండు కావడానికి సుమారు 24 గంటలు పడితే, అందులో సమవిభజనకు పట్టేది దాదాపు ఒక గంట.

ఆ గంటలో జరిగేదాన్ని వరుసగా గమనించి రాసినవాడు జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాల్టర్ ఫ్లెమింగ్. సాలమాండర్ పిల్లల పెద్ద పెద్ద కణాలకు అనిలిన్ రంగులు అద్ది చూసి, 1882లో గ్రంథం వెలువరించాడు. మైటాసిస్ అన్న పేరును ‘దారం’ అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. క్రోమోజోములను నడిపే నిర్మాణానికి మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు కండె. అదీ నూలుకు సంబంధించిన మాటే కావడం ముచ్చటైన సంగతి.

విభజన మొదలవగానే చిక్కుపడిన దారాల్లాంటి క్రొమాటిన్ చుట్టలు చుట్టుకొని పొట్టిగా, లావుగా అవుతుంది. ఉల్లిలో 16, మనిషిలో 46 క్రోమోజోములు. ఒక్కొక్కదానిలో ఒకేలాంటి రెండు క్రొమాటిడ్‌లు సెంట్రోమియర్ దగ్గర అతుక్కొని ఉంటాయి. కేంద్రకం పొర కరిగిపోతుంది. రెండు ధ్రువాల నుంచి వచ్చిన కండె పోగులు జంటను చెరోవైపు నుంచి పట్టుకొని, కణం నడుమకు చేరుస్తాయి.

ఇక్కడే కణం ఆగుతుంది. నాకు ఈ ప్రక్రియ మొత్తంలో అత్యద్భుతంగా తోచేది ఈ నిరీక్షణే. ఒక్క క్రోమోజోముకు పోగు తగులుకోకపోయినా, అది ‘ఆగు’ అనే రసాయన సంకేతాన్ని పంపుతూనే ఉంటుంది. మిగిలినవన్నీ సిద్ధంగా ఉన్నా కదలవు. చివరిది కుదురుకున్నాకే జంటలను బిగించిన కొహెసిన్ ప్రొటీన్ తెగుతుంది. క్రొమాటిడ్‌లు చెరో ధ్రువానికి సాగిపోతాయి. ఈ కాపలా తప్పితే పిల్లకణాల్లో క్రోమోజోముల లెక్క తప్పుతుంది. క్యాన్సర్ కణాల్లో తరచూ కనిపించే లోపమిదే.

ఇంతవరకు మొక్కకూ జంతువుకూ దారి దాదాపు ఒకటే. ఉల్లివంటి మొక్కల్లో సెంట్రియోల్‌లు ఉండవు, అంతే. అసలు తేడా కణద్రవ్యం పంచుకునేటప్పుడు వస్తుంది. జంతుకణం నడుమున ఆక్టిన్, మయోసిన్‌ల వలయం మొలతాడులా బిగుస్తూ బయటి నుంచి లోపలికి కోస్తుంది. గట్టి కణకవచమున్న మొక్కకు అది సాధ్యం కాదు. గాల్జీ నుంచి వచ్చే చిన్న సంచులు కణం మధ్యలో కలిసి కణఫలకంగా ఏర్పడి, లోపలి నుంచి బయటికి గోడ కట్టుకుంటూ పోతాయి. ఆ గోడ ఎక్కడ తగలాలో విభజనకు ముందే సూక్ష్మనాళికల పట్టీ ఒకటి గుర్తు పెడుతుంది. దీన్ని 1966లో పికెట్-హీప్స్, నార్త్‌కోట్‌లు గోధుమ కణాల్లో చూపించారు. మొక్కకణం ఉన్నచోటి నుంచి కదలలేదు గనుక, గోడ పడిన తీరును బట్టే వేరు, ఆకు రూపం ఏర్పడతాయి.

మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ ఈ కండెనే దెబ్బతీస్తుంది. పోగులు అల్లుకోక కణం మధ్యలోనే ఆగి చనిపోతుంది. అందుకే పిల్లల రక్తక్యాన్సర్ చికిత్సలో దాన్ని వాడతారు. అయితే నరాల వెంట సరుకు మోసే దారులు కూడా అలాంటి సూక్ష్మనాళికలే కాబట్టి, మందు వాడేవారికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. పెరటి మొక్కే కదా అని ఆ ఆకులు నమిలి చూసే సాహసం మాత్రం ఎవరూ చేయవద్దు.