గుర్రపు పందేలకు ‘నమ్మకమైన’ బెట్టింగ్ సైటు ఎందుకు దొరకదు?

హైదరాబాద్ వాళ్లకు మలక్‌పేట రేసు కోర్సు తెలియంది కాదు. ఇప్పుడు పందెం కాయడానికి అంతదూరం పోనక్కర్లేదు, ఫోన్ చాలు అంటున్నారు. ‘భాయ్, ఏ సైటు మంచిది?’ అని కుర్రాళ్లు ఒకరినొకరు అడుగుతున్నారు. జవాబు చెప్పేముందు దీన్, చట్టం, లెక్క మూడూ చూడాలి.

గుర్రాలను పరుగెత్తించడం ఇస్లాంలో తప్పు కాదు. మదీనాలో ప్రవక్త ముహమ్మద్ (స) గుర్రాలకు పోటీలు పెట్టించినట్టు సహీ బుఖారీలో ఉంది. గెలిచిన రౌతుకు బయటివారు బహుమతి ఇవ్వడం వేరు. చూసేవాళ్లు తలా కొంత పెట్టి, ఓడినవాళ్ల సొమ్ము గెలిచినవాళ్లు పంచుకోవడం వేరు. ఈ రెండోదే జూదం, ఖుర్ఆన్ చెప్పిన ‘మైసిర్’. సూరా మాయిదా 90, 91 ఆయతుల్లో మద్యంతో పాటు దీన్నీ వదిలేయమన్నారు. ఇది మనుషుల మధ్య పగ పెడుతుందని, నమాజుకు దూరం చేస్తుందని కారణం కూడా అక్కడే ఉంది. సైటు మారితే ఈ హుకుం మారదు.

‘సుప్రీంకోర్టే ఒప్పుకుంది కదా’ అనేవాళ్లున్నారు. గుర్రపు పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో కోర్టు చెప్పిన మాట నిజమే. కానీ అది మద్రాసు రేస్ క్లబ్ కేసు, మైదానంలో జరిగే పందేల సంగతి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యమా, అదృష్టమా అని చూడకుండా నిషేధించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా.

ఇక లెక్క. వంద మంది తలా వంద పెడితే పదివేలు. నడిపేవాడు అందులో 20 శాతం తీసుకుంటాడనుకుందాం. మిగిలేది ఎనిమిది వేలు. ఎవరు గెలిచినా అందరూ కలిపి రెండు వేలు పోగొట్టుకున్నట్టే. పైగా గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను. పోయిన డబ్బును అందులో తగ్గించి చూపించడానికి వీల్లేదు.

వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో ‘ఐడీ ఇస్తాం’ అనే ఏజెంట్ల దగ్గర ఈ లెక్క కూడా ఉండదు. మొదట ఐదొందలో వెయ్యో గెలిపించి చేతికిస్తారు. పెద్ద మొత్తం అడిగితే ‘ముందు ట్యాక్స్ కట్టండి’ అంటారు, కట్టాక నంబరు పనిచేయదు. మనం పంపే డబ్బు ఎవరెవరి ఖాతాలకో పోతుంది. అలాంటి ఖాతాల నుంచి మనకు డబ్బు వస్తే, సైబర్ కేసులో మన ఖాతా కూడా ఆగిపోవచ్చు.

ఇంట్లో ఎవరైనా ఇందులో పడ్డారని తెలిస్తే కొట్టి, తిట్టి లాభం లేదు. భయంతో అప్పులు దాస్తారు. ‘పోయింది రాబట్టి మానేస్తా’ అనే మాట మాత్రం నమ్మకండి, మునిగేది అక్కడే. మొత్తం బాకీ కాగితం మీద రాయించండి. తీర్చేటప్పుడు డబ్బు అతని చేతికివ్వకుండా నేరుగా అప్పిచ్చినవాళ్లకే కట్టండి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మనసు అదుపు తప్పుతోందనిపిస్తే టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.